అడవికి గీత గీసిన్రు, మనుషులను అవతల పెట్టిన్రు

(ఇబ్రహీంపట్నంలో దళిత యువజనుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మమ్మల్ని అడవి గురించి మాట్లాడమన్నరు. భూమి గురించి, కూలి గురించి, హాస్టళ్ల గురించి మాట్లాడాల్సిన సభలో కొండలు, చెట్లు, పులుల ముచ్చటేందని మీలో కొందరికి అనిపించొచ్చు. అనిపించడంలో తప్పు లేదు. అడవి అందం గురించి ఇప్పటిదాకా రాసింది, ఫోటోలు తీసింది జీపులల్ల పోయి చూసొచ్చినోళ్లు. కట్టెల మోపు నెత్తిన పెట్టుకొని గుట్ట దిగినోళ్లకు ఆ గుట్ట ఎట్లుంటదో వాళ్లు రాయలేదు. రాయాలన్నా వాళ్లకు తెల్వదు. తెలిసినోళ్లు ఈ హాల్లో కూర్చున్నరు. అందుకని ఈ ముచ్చట ఇక్కడే మాట్లాడాలె.

ఇబ్రహీంపట్నం నుంచి పొద్దుపొడుపు దిక్కు పోతే రాచకొండ గుట్టలు. మంచాల దాటితే ఊర్ల పేర్లలోనే నేల కనబడుతది: బోడకొండ, లోయపల్లి. పండితులు కూర్చొని పెట్టిన పేర్లు కావవి. ఒకదాని మీద ఒకటి పేర్చినట్టున్న ఆ గుండ్లన్నీ గ్రానైటు. పద్నాలుగో శతాబ్దంలో రేచర్ల పద్మనాయకులు ఆ గుట్టల మీద కోట కట్టుకున్నరు. సింగభూపాలుడు రసార్ణవసుధాకరం రాసిండని సాహిత్య చరిత్రలో చదువుతం. ఆ గోడల రాళ్లు మోసినోళ్ల పేరు ఒక్కటన్నా చదవం. సరే, అది వేరే సభలో మాట్లాడుకునే సంగతి.

ఆ గుట్టల కింద, చెలకల గట్ల మీద, ఎవరూ నాటకుండా మొలిచే చెట్టు తంగేడు. తెలంగాణ వచ్చినంక 2014లో దాని పువ్వును రాష్ట్ర పుష్పం చేసిన్రు. మంచిదే. బతుకమ్మలో ముందు పేర్చేది తంగేడు పువ్వే. మరి తంగేడు చెక్క సంగతి ఎవరన్నా మాట్లాడిన్రా? ఆ బెరడుకు పచ్చితోలును కుళ్లకుండా చేసి పదును పెట్టే గుణం ఉన్నది. క్రోము మందులు రాకముందు మన దిక్కు తోలు పనంతా తంగేడు చెక్కతో, కరక్కాయతో, సున్నంతో నడిచింది. తోలును సున్నపు నీళ్లల్ల నానబెట్టి, బొచ్చు గీకి, లందల తంగేడు చెక్క నీళ్లు పోసి రోజుల తరబడి ఊరబెడితే అది పనికొచ్చే తోలైతది. చెక్క కొట్టి తెచ్చుడు, దంచుడు, ఊరబెట్టుడు, ఆ వాసనలో బతుకుడు మాదిగవాడ పని. ఆ తోలుతోనే మోటబావికి బొక్కెన కుట్టిన్రు. కరెంటు మోటార్లు రాకముందు ఊరి వరిపొలాలకు నీళ్లు తోడింది ఆ బొక్కెనే. లంద వాసనకు ముక్కు మూసుకున్నోళ్లు ఆ తోలు తోడిన నీళ్లతో పండిన బువ్వే తిన్నరు. పువ్వు ఊర్లోకి పోయింది, చెక్క వాడలోకి వచ్చింది. చెట్టు ఒక్కటే.

అడవికీ మనకూ ఏం సంబంధం, అది గిరిజనుల సంగతి కదా అని మన సంఘాల్లో కూడా అంటుంటరు. మేము ఈ మాట ఒప్పుకోం. తోలు పని, తునికాకు కూలి, మోదుగాకు విస్తర్లు, కట్టెల మోపు, ఎండకాలం పశువులకు గడ్డి, ఇవన్నీ అడవి మీద నిలబడ్డ బతుకులే. మన పేరు అడవి లెక్కల్లో లేకపోవడం వేరు, మనం అడవిలో లేకపోవడం వేరు.

రాచకొండ చిన్న అడవి. చట్టం పూర్తిగా దిగి కూర్చున్న పెద్ద అడవిని చూస్తే రేపు మన గుట్టలకు ఏం రాబోతున్నదో తెలుస్తది. అందుకే నల్లమల దాకా పోయి మాట్లాడతం. అది దూరమేం కాదు. శ్రీశైలం రోడ్డు మన రంగారెడ్డి జిల్లాల నుంచే, కడ్తాల్, ఆమనగల్లు మీదుగనే పోతది. శివరాత్రికి మీరంతా పోయే దారే.

కల్వకుర్తి, డిండి దాటినంక నేల మారుతది. మన్ననూరు చెక్‌పోస్టు వస్తది. రాత్రి తొమ్మిది నుంచి పొద్దున ఆరు దాకా అక్కడ బండ్లు ఆపేస్తరు, జంతువులు రోడ్డు మీద తిరిగే వేళ అని. అది న్యాయమైన నిబంధనే. అక్కడి నుంచి దోమలపెంట దాకా ఘాట్ రోడ్డు. బస్సు కిటికీలో నుంచి చూస్తే ఒకటే చెట్ల గోడ. దిగి నడిస్తే గాని అది ఎన్ని రకాల నేలో తెల్వదు.

నల్లమల అంటే ఒక్క కొండ కాదు, బారులు బారులుగా కొండలు. కడప, కర్నూలు, ప్రకాశం దిక్కు నుంచి ఉత్తరానికి వచ్చి కృష్ణ దగ్గర తెగుతయి. నది ఇవతల మళ్ల లేస్తయి. ఈ ఇవతలిదే అమ్రాబాద్ పీఠభూమి. అది రెండు మెట్లుగా ఉంటది. కింది మెట్టు మీద అమ్రాబాద్, మన్ననూరు లాంటి ఊర్లు, సేద్యం. పై మెట్టు మీద దట్టమైన అడవి, చెంచుల పెంటలు. ఆ పై మెట్టు అంచున నిలబడితే కృష్ణ ఎక్కడో పాతాళంలో తాడు లెక్క కనబడుతది.

ఒక సంగతి గుర్తుపెట్టుకోండి. మన రాచకొండలో పైన కనబడే గ్రానైటు లాంటి రాయే అమ్రాబాద్‌లో అడుగున ఉన్నది. దాని మీద వంద కోట్ల ఏండ్లకు పైబడిన వెనకటి కాలంలో నీటి అడుగున పేరుకున్న ఇసుక గట్టిపడి పలకల బండగా కప్పేసింది. క్వార్ట్‌జైట్ అంటరు. ఆ బండ పగుళ్లల్ల వాన నీరు దిగుతది, కొండచరియల కింద ఊటగా బయటికొస్తది. సలేశ్వరం, మల్లెలతీర్థం, ఉమామహేశ్వరం, ఇవన్నీ అట్ల నీరు దొరికే చోట్లే. మనం దేవుడిని చూసి దండం పెడుతం. ఎండకాలంలో జంతువులు, చెంచులు బతికేది ఆ నీటి మీదనే. దేవుడున్న చోటల్లా నీళ్లుంటయా, నీళ్లున్న చోటికే దేవుడొచ్చి కూర్చున్నడా అనేది మీరే ఆలోచించండి.

ఆ రెండు రాళ్లు, కింది గ్రానైటూ పై బండా, కలిసే చోటనే యురేనియం ఉన్నది. దాని గురించి తర్వాత చెప్తం.

ఇది ఆకు రాల్చే అడవి. మాఘం, ఫాల్గుణంలో చెట్లు బోడిగైతయి. అప్పుడు పోయి చూసిన పట్నపోళ్లు అడవి ఎండిపోయిందంటరు. ఎండలే, నీళ్లు దాచుకుంటున్నది. అదే అదనుకు మోదుగ ఎర్రగ పూస్తది, ఇప్ప పువ్వు రాలుతది, తునికి చిగురేస్తది. తొలకరి పడ్డ పది పదిహేను రోజులకు అదే కొండ పచ్చగైతది. నల్లమద్ది, ఏగిస, చిరుమాను, నారేప, వెదురు. తపసి చెట్టు బెరడు తెల్లగ నున్నగ ఉండి వెన్నెల్లో మెరుస్తది. దాని బంకకు ఇప్పటికీ ధర ఉన్నది, గిరిజన కార్పొరేషన్ కొంటది. చిల్లగింజ అని ఒకటున్నది. దాన్ని అరగదీసి బురద నీళ్లల్ల కలిపితే మట్టి అడుగుకు పేరుకొని నీళ్లు తేటగైతయి. ఫిల్టర్ మిషన్లు రాకముందు మన అమ్మమ్మలకూ ఇది తెలుసు. ఈ తెలివికి ఏ యూనివర్సిటీ పట్టా ఇయ్యలేదు.

జంతువులంటే మనకు పులి ఒక్కటే చెప్తరు. రేచుకుక్కలు మందగ వేటాడుతయి. ఎలుగు ఇప్పపువ్వు కోసం, చెదల పుట్టల కోసం తిరుగుతది. కణితి, దుప్పి, మనుబోతు, నాలుగు కొమ్ముల కొండగొర్రె, పొలుసుల అలుగు, కుందేలంత ఉండే మూషికజింక. ఇవి బతికితేనే పులి బతుకుతది. గడ్డి, నీళ్లు ఉంటేనే ఇవి బతుకుతయి. కొండచరియలకు పెద్ద తేనెటీగలు తుట్టెలు పెడుతయి. చెంచులు తీగతాడు కట్టుకొని లోయలోకి వేలాడి ఆ తేనె తీస్తరు. పైన తాడు పట్టుకునేటోడు ఎవడనే దానికి వాళ్లలో కట్టుబాట్లున్నయి, ప్రాణం అప్పజెప్పే పని గదా.

ఈ చెంచుల మధ్య 1940లో ఆస్ట్రియా దేశపు మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్ ఉండి, వాళ్ల బతుకు రాసిండు. 1943లో పుస్తకం అచ్చయింది. ఆ కాలంలోనే నిజాం సర్కారు అమ్రాబాద్ అడవిలో కొంత భాగాన్ని చెంచుల కోసమని విడిగా కేటాయించింది. నిజాం రాజ్యాన్ని మేము పొగడడం లేదు, వెట్టి చేయించిన రాజ్యమది. కాని ఒక అడవిని అందులోని మనుషుల కోసం కాపాడొచ్చనే ఆలోచన ఎనభై ఏండ్ల కింద ఇక్కడ కాగితం మీదికొచ్చిందని గుర్తుచేస్తున్నం. తర్వాత ఆలోచన మారింది. 1972లో వన్యప్రాణి చట్టం వచ్చింది. 1983లో కృష్ణకు రెండు దిక్కులా కలిపి నాగార్జునసాగర్ శ్రీశైలం పులుల అభయారణ్యం అన్నరు, 3,568 చదరపు కిలోమీటర్లు. 2014లో రాష్ట్రం విడిపోయినంక ఇవతలిది అమ్రాబాద్ పులుల అభయారణ్యం అయింది, 2,611 చదరపు కిలోమీటర్లు. అందులో 2,166 కోర్ ఏరియా. కోర్ అంటే మనుషులు ఉండకూడదని సర్కారు కోరుకునే చోటు. కాని అప్పాపూర్, భౌరాపూర్, మేడిమల్కల, సంగిడిగుండాల, ఇట్లాంటి చెంచు పెంటలు ఆ కోర్ లోపలే ఉన్నయి. గీత గీయకముందు నుంచి ఉన్నయి.

పులి వద్దని మేము అనడం లేదు. ఈ మాట గట్టిగా రాసుకోండి, రేపు మనల్ని అడవికి శత్రువులని ప్రచారం చేస్తరు. పులి ఉన్న అడవిలో నీళ్లుంటయి, అది మనకూ మేలే. మేము అడిగేది వేరు. పులి అడుగు చూసి ఎప్పుడు పోయింది, ఎటు పోయింది అని చెప్పేది చెంచే. అటవీశాఖ బేస్‌క్యాంపుల్లో కాపలాకు పెట్టుకునేది, ఎండకాలం మంటలార్పడానికి పిలిచేది చెంచునే. ఆ మనిషి కూలికి కావాలె. ఆ మనిషి ఇల్లు మాత్రం అక్కడ ఉండొద్దా?

2024 జూన్‌లో జాతీయ పులుల సంరక్షణ సంస్థ పులుల అభయారణ్యాలున్న రాష్ట్రాలకు ఒక ఉత్తరం రాసింది. దేశంలో పులుల కోర్ ఏరియాల్లో ఇంకా 591 ఊర్లు, 64,801 కుటుంబాలు ఉన్నయి, వాళ్లను తరలించే పని తొందరగ చేయండని. కుటుంబానికి 15 లక్షలు. చట్టంలో ఏమున్నదో ఆ ఉత్తరం చూసి భయపడేటోళ్లకు ఎవరూ చదివి చెప్పరు. 2006లో సవరించిన వన్యప్రాణి చట్టం ప్రకారం ముందు అక్కడి మనుషుల హక్కులు తేల్చాలె. మనుషులుండడం వల్ల పులికి తీరని నష్టం జరుగుతదని తేలాలె. కలిసి బతికే దారి ఇంకేదీ లేదని తేలాలె. గ్రామసభ ఒప్పుకోవాలె. పోయేటోళ్లు ఇష్టంతో పోవాలె. వీటిలో ఒక్కటి తప్పినా అది తరలింపు కాదు, గెంటివేత. రోడ్డు లేక, దవాఖాన లేక, బడి లేక విసిగి ఇస్తే తీసుకుంటమన్న మనిషిది ఇష్టమని రాసుకోవడం మేము ఒప్పుకోం. ఇరవై ఏండ్లు వసతులు ఆపి, తర్వాత పోతావా అని అడిగితే పోక ఏం చేస్తడు?

ఈ అనుభవం నల్లమలకు కొత్త కాదు. శ్రీశైలం డ్యాం నీళ్లు నిలిపినప్పుడు, 1980, 81 ప్రాంతంలో, కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల్లో వంద దాకా ఊర్లు మునిగినయి. కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయి విప్పి ఆలంపురం తెచ్చి మళ్లీ కట్టిన్రు. గుడిని కాపాడడం మంచి పనే, పాత శిల్పం పోవొద్దు. రాళ్లకు ఉన్న జాగ్రత్త లెక్క వాడకు ఉన్నదా? భూమి మునిగినోడికి భూమి పరిహారం. పట్టా లేని కూలోడికి మునిగిందేంటిది? కాగితం మీద ఏమీ మునగలేదు. ఊరు, కూలి, చుట్టరికం, అప్పు ఇచ్చే దుకాణం, ముత్తాతల బొంద, అన్నీ మునిగినయి.

ఇప్పుడు యురేనియం సంగతి. 2019లో అమ్రాబాద్ అభయారణ్యంలో 83 చదరపు కిలోమీటర్లలో యురేనియం కోసం వెతకడానికి కేంద్ర అటవీ సలహా సంఘం సూత్రంగా ఒప్పుకున్నది. నాలుగు వేల బోర్లు వేసే ఆలోచన. ఎండిన కట్టె ఏరుకొచ్చే ఆడమనిషి అడవికి ప్రమాదమైంది. నాలుగు వేల చోట్ల బండకు తూట్లు పొడిచి, యంత్రాలు ఎక్కడానికి బాటలు వేస్తే అది పరిశోధన అయింది. ఆ తూట్లు ఎక్కడ పడుతయి? నీరు దిగే బండలోనే పడుతయి. చెంచులు, నల్లమల ఊర్లోళ్లు, విద్యార్థులు, కళాకారులు కలిసి ఎదురుతిరిగిన్రు. 2019 సెప్టెంబర్‌లో తెలంగాణ అసెంబ్లీ వద్దని తీర్మానం చేసింది. రాయి కింద ఖనిజం మాత్రం అట్లనే ఉన్నది. తీర్మానాలు కాగితాలు, వాటిని కాపలా కాయాలె.

ఇక మన సంగతి. 2006 అటవీ హక్కుల చట్టం గిరిజనుల చట్టమని మన నాయకులు కూడా చెప్తరు. సగమే నిజం. అందులో ఇతర సంప్రదాయ అడవి నివాసులు అని ఒక మాట ఉన్నది. అడవి మీద బతికే దళితులు, బీసీలు ఆ మాట కిందికి వస్తరు. కాని ఒక మెలిక పెట్టిన్రు. గిరిజనుడైతే 2005 డిసెంబర్ 13 నాటికి అక్కడ ఉంటే చాలు. గిరిజనేతరుడైతే ఆ తేదీకి ముందు మూడు తరాలు, తరానికి 25 ఏండ్లు, మొత్తం 75 ఏండ్ల నుంచి ఉన్నట్టు చూపాలె. అంటే 1930 నుంచి. 1930లో ఈ నేలలో మాల, మాదిగ చేతిలో ఏం కాగితముండె? వెట్టి చేసినోడికి రసీదు ఇచ్చిందెవరు? భూమి దొరది, పట్టా దొరది, లెక్క పట్వారీది. చదువు రానియ్యక, భూమి దక్కనియ్యక, కాగితం లేకుండ ఉంచి, ఇప్పుడు కాగితం తెమ్మంటున్నరు. 2023 జూన్‌లో పోడు పట్టాలు పంచినప్పుడు కూడా గిరిజనులకు ఇచ్చిన్రు, గిరిజనేతర పేదలను తర్వాత చూస్తమన్నరు. గిరిజనులకు ఇవ్వడం నూటికి నూరు పాళ్లు సరైందే, వాళ్ల వాటాలో మాకు పెట్టమని అడగడం లేదు. ఆ 75 ఏండ్ల మెలిక తీసేయమని అడుగుతున్నం.

ఇక్కడ మనవాళ్లకూ ఒక మాట చెప్పాలె. కలప దొంగలకు గొడ్డలి కూలోళ్లుగ పోయేటోళ్లలో మన పిల్లలున్నరు. దుంగకు లక్షలు అవతలోడికి, రోజు కూలీ వీనికి, దొరికితే జైలు కూడా వీనికే. చెంచుల తేనెను, బంకను అడ్డికి పావుశేరు కొని అమ్ముకునే చిల్లర దుకాణాల్లో మనోళ్లవీ ఉండొచ్చు. చెంచు మన కంటే కింద అని చూసే చూపు మనలో కొందరికి ఉన్నది. ఊరు మనల్ని చూసిన చూపే అది. దాన్ని వదిలిపెట్టకుండ ఐక్యత గురించి మాట్లాడితే చెంచులు నమ్మరు. నమ్మొద్దు కూడా.

మరి ఏం చేయాలె? చట్టం మారేదాకా కూర్చోనవసరం లేదు, ఉన్న చట్టంలోనే కొంత సందు ఉన్నది. 2008 నియమాల్లో పదమూడో నియమం చదవండి. సర్కారు కాగితం ఒక్కటే సాక్ష్యం కాదన్నది. క్లెయిమ్ పెట్టుకున్నోళ్లు కాకుండ వేరే ముసలోళ్లు చెప్పిన వాంగ్మూలం రాతలో పెడితే సాక్ష్యమే. పాత బొందలగడ్డ సాక్ష్యమే. పూజించే చెట్టు, కుంట, కూలిన గోడల ఆనవాళ్లు సాక్ష్యమే. ఆ లెక్కన లంద తవ్విన గుంట ఆనవాలు ఎక్కడన్నా మిగిలి ఉంటే దాన్ని కూడా గ్రామసభ ముందర పెట్టాలని మా వాదన. పట్టాల దొడ్లోకి పోయి వెతికితే మన చరిత్ర దొరకదు. బొందలగడ్డలో, లంద గుంటల్లో దొరుకుతది.

రాచకొండ కింది ఊర్లకు, మంచాల, యాచారం దిక్కు నుంచి వచ్చినోళ్లకు ఒక పని చెప్తున్నం. మీ వాడల్లో ఎనభై దాటిన ముసలవ్వలు, తాతలు ఇంకా ఉన్నరు. గుట్టకు ఏ బాటన పోయేటోళ్లు, తంగేడు చెక్క ఏ వాగు పక్కన కొట్టేటోళ్లు, పశువులను ఏ లొద్దిలో నీళ్లకు తోలేటోళ్లు, జంగ్లాతోడు ఎన్నిసార్లు కట్టెలు గుంజుకున్నడు, వాళ్ల అమ్మానాయిన అదే పని చేసేటోళ్లా, ఇవన్నీ అడగండి. వాళ్లు చెప్పింది చెప్పినట్టే, వాళ్ల మాటల్లోనే రాయండి. మన పుస్తకాల తెలుగులోకి మార్చకండి. కింద వేలిముద్ర, ఇద్దరు సాక్షుల సంతకాలు, తేదీ. బొందలగడ్డ, పాత బాట, నీటి చోటు చూపించే చేతి పటం ఒకటి గీయండి. సామూహిక హక్కుకు ఫారం బి, మొత్తం అడవి వనరు మీద హక్కుకు ఫారం సి. ఆ కాగితాలు ఆఖరు బెంచీ దగ్గర పెట్టినం. ముసలోళ్లు ఈ చలికాలం దాటుతరో లేదో, రేపు పొద్దున్నే మొదలుపెట్టండి. చేతిరాత మంచిగున్న తమ్ముళ్లు, చెల్లెళ్లు సభ అయినంక ఇక్కడే ఆగండి, ఏ ఊరికి ఎవరు పోవాలో పేర్లు రాసుకుందం.